మిరపకొట్టులో పంక్తి భోజనం

మొన్న మా మనవరాలు ఫోను చేత్తో పట్టుకుని హాల్లోంచి పరుగెత్తుకొచ్చి, తనకి ఇంటర్న్‌షిప్ దొరికిందనీ, ఈ వేసవి సెలవులంతా ఏదో కంపెనీలో పని నేర్చుకుంటాననీ చెప్పింది. ఎవరు ఇప్పించారమ్మా అని అడిగాను. ఎవరూ ఇప్పించలేదట, ఫోన్లో అడిగిందట, ఫోన్లోనే సరేనన్నారట. మంచిదే, సంతోషించాను, నెత్తిన చెయ్యి పెట్టి దీవించాను కూడా. కానీ ఆ మధ్యాహ్నం నాకు కునుకు పట్టలేదు. ఫ్యాను కింద అటు దొర్లి, ఇటు దొర్లి, లేచి బాల్కనీలోకి వెళ్ళి, అక్కడా నిలవలేక లోపలికి వచ్చి, పొద్దున చదివేసిన పేపరే మళ్ళీ తిరగేసి, చివరికి మా అమ్మాయి కాఫీ గ్లాసు చేతిలో పెడుతూ కాలుగాలిన పిల్లిలా ఏమిటి నాన్నా ఆ తిరుగుడు అని విసుక్కునేదాకా తిరుగుతూనే ఉన్నాను.

తిరుగుడు నాకు కొత్తేమీ కాదు. అరవైల మొదట్లో, ఇదే గుంటూరులో, ఇలాంటి మండుటెండల్లోనే, ఈ పిల్ల ఫోన్లో అడిగి తెచ్చుకున్న ఆ కాస్త దాని కోసం నేను సైకిలు వేసుకుని బజార్లన్నీ తిరిగాను. అప్పట్లో దానికి ఈ పేరు లేదు. మా ప్రిన్సిపాల్ గారు మాత్రం వేసవి శిక్షణ అనేవారు, వినడానికి అదేదో కవాతులా ఉండేది.

కాలేజీ అప్పుడే కొత్తగా పెట్టారు. నేను అందులో కామర్స్ చెప్పేవాణ్ణి, కొత్తగా పెళ్ళయినవాణ్ణి, అందరిలోకీ చిన్నవాణ్ణి, పైగా సైకిలున్నవాణ్ణి. మా ప్రిన్సిపాల్ గారికి ఒక బెంగ ఉండేది. మన కుర్రాళ్ళు జమాఖర్చుల సూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు గానీ, ఒక బస్తా మిరపకాయలు చూపించి కొనమంటే నోరు వెళ్ళబెడతారని ఆయన బాధ. ఆ బాధ ముదిరి ఒకనాడు నియమం అయి కూర్చుంది. రెండో ఏడు చదివే ప్రతి విద్యార్థీ వేసవిలో ఏదైనా కొట్టులోనో మిల్లులోనో పని నేర్చుకుని, యజమాని చేత సంతకం పెట్టించుకుని రావాలి, లేకపోతే ఆఖరి ఏడాదిలో చేర్చుకోము. నియమం ఆయనది, తిరిగే కాళ్ళు నావి.

ఆ తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లు యజమాని, బుష్ షర్టు వేసుకుని చేతిలో కాగితాలతో వచ్చిన నన్ను చూసి అమ్మకపు పన్ను ఆఫీసు మనిషిననుకుని, గోళీసోడా తెప్పించి తాగించి, యజమాని గారు తిరుపతి వెళ్ళారండీ అని తన గురించి తనే చెప్పాడు. జుట్టు నిండా పత్తి నుసితో బస్సెక్కి ఇంటికొస్తే మా ఆవిడ ఒక్కరోజులోనే ముసలివాళ్ళయిపోయారేమిటండీ అంది. పర్చూరులో పొగాకు వ్యాపారి ఒకాయన, చదువుకున్నవాడు బేళ్ళు మోస్తాడా అని అడిగి, మోస్తాడంటే మరి చదువెందుకన్నాడు. మిరపకాయల వాళ్ళది ఇంకో భయం. అప్పట్లో బేరం నోటితో కాదు, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని సాగేది, పక్కన నిలబడ్డవాడికి కూడా ధర తెలిసేది కాదు. అలాంటి చోట పరాయివాణ్ణి తెచ్చి నిలబెడతానంటే వాళ్ళు నన్ను దొంగకి తాళం చెవి ఇమ్మని అడుగుతున్నవాణ్ణి చూసినట్టు చూసేవారు. అయినా నేను వదిలే రకం కాదు. పొద్దున వెళ్ళి, మధ్యాహ్నం వెళ్ళి, మర్నాడు మళ్ళీ వెళ్ళి, వీడు పోయేటట్టు లేడురా, ఒకణ్ణి తీసుకుని పంపించేద్దాం అని వాళ్ళే అనుకునేదాకా గుమ్మంలో నిలబడేవాణ్ణి. అలా ఒక్కొక్కణ్ణే సర్దుతూ వచ్చాను.

ఒప్పుకున్న ప్రతివాడూ ఆఖర్న ఒకే ప్రశ్న అడిగేవాడు. కుర్రాడిది ఏ ఊరు, ఎవరబ్బాయి? మొదట్లో నేను దాన్ని మామూలు కుశలప్రశ్న అనుకున్నాను. అది భోజనం ప్రశ్న అని తెలియడానికి కొంత కాలం పట్టింది. మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో కొట్లో పనిచేసేవాడంటే ఇంటి మనిషే. మధ్యాహ్నం కాగానే గుమాస్తాలంతా యజమాని ఇంటికి వెళ్ళి, వంటింటి ముందు వసారాలో వరసగా కూర్చుని విస్తళ్ళలో వేడి అన్నం తిని రావలసిందే. పని నేర్చుకోవడానికి వచ్చినవాడైనా సరే. కొట్లోకి తీసుకోవడమంటే పంక్తిలో కూర్చోబెట్టుకోవడమన్నమాట.

ఈ సంగతి నాకు మా తరగతిలో మొదటివాడి దగ్గర తెలిసింది. అందరూ సర్దుకున్నాక అతను ఒక్కడే మిగిలిపోయాడు. బాపట్ల వైపు ఊళ్ళో వాళ్ళ తాత పొలం పనులకి వెళ్ళిన మనిషి, తండ్రి మిషన్ బడిలో పంతులు, ఇల్లు ఊరికి అవతల పల్లెలో, చర్చి పక్కన. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉండేవాడు. మిషన్ వాళ్ళిచ్చే ఉపకార వేతనం మీద చదువుతున్నాడు. అందులో ఒక షరతు ఉంది, ఏడాది తప్పితే వేతనం ఆగిపోతుంది. అంటే ఆ వేసవిలో అతనికి కొట్టు దొరకకపోతే ఆఖరి ఏడు లేదు, వేతనం లేదు, చదువు అక్కడితో సరి. మార్కుల్లో అతని దరిదాపులకి రాని వాళ్ళంతా హాయిగా కాటాల దగ్గర నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే, ఇతను రోజూ సాయంత్రం మా ఇంటి గేటు దగ్గరికి వచ్చి, ఏమైనా తెలిసిందాండీ అని కూడా అడగకుండా, నా మొహం చూసి వెళ్ళిపోయేవాడు. అడిగినా బాగుండేది.

నేను చాలా కొట్లు తిరిగాను. ఏ ఊరు, ఎవరబ్బాయి అన్న ప్రశ్న వచ్చేది, నేను దాచకుండా చెప్పేవాణ్ణి, ఆ తర్వాత ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అదే విచిత్రం. ఈ ఏడాది సరుకు తక్కువగా ఉందండీ అనేవారు, పక్కన బస్తాలు కప్పుదాకా పేర్చి ఉండగానే. ఒకాయన మాత్రం మనసులో మాట చెప్పాడు, పిల్లాడు మంచివాడే గానీ అన్నం సంగతెట్లాగండీ అని. తన అన్నం తనే తెచ్చుకుంటాడు, ఓ మూల కూర్చుని తింటాడని నేను ఎగబడి చెప్పాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. నా కొట్లో పనిచేసేవాడు బయటి అన్నం తింటే బజార్లో నేను తలెత్తుకు తిరగొద్దూ అన్నాడు. పెట్టడానికీ వీల్లేదు, పెట్టకుండా ఉంచుకోవడానికీ వీల్లేదు. సైకిలు తొక్కుకుంటూ ఆ తర్కాన్ని తలుచుకుని దారంతా నాలో నేనే పోట్లాడుకున్నాను.

ఇక మిగిలింది మా మేనమామ కొట్టు. పట్నం బజారులో మిరపకాయల కమీషన్ వ్యాపారం ఆయనది. ఆయన దగ్గరికి వెళ్తే అడగడమనేది ఉండదు, దబాయించడమే, అందుకని ఆ అస్త్రాన్ని ఆఖరికి దాచుకున్నాను. పైగా అది నేను పెరిగిన ఇల్లు. మా ఊళ్ళో హైస్కూలు లేక నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచి చదివించారు. ఆ వసారాలో గుమాస్తాల వరసలో చివర కూర్చుని, అమ్మమ్మ చేతి ముద్ద తినే నేను ఇంతవాణ్ణయ్యాను. తెల్లచీరె, పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం వీధి చివరికి వినిపించేది. ఆ ఇంట్లో పొయ్యి ఆవిడది, పంక్తి ఆవిడది. ఎవరొచ్చినా ముందు అన్నం తిన్నావా అనేది, ఆ వెంటనే ఎవరబ్బాయివి అనేది.

మామయ్య అంతా విని, తల గోక్కుని, సరే తీసుకురా అన్నాడు. నేను గెలిచాననుకునేలోపే, దొడ్లో చెట్టు కింద విస్తరి వేయిస్తాలే అన్నాడు. ఆయన దృష్టిలో అది పెద్ద మనసు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా కాలేజీకే మొదటివాణ్ణి దొడ్లో కూర్చోబెడతావా మామయ్యా?"

"ఒరేయ్, నీ పాఠాలు కాలేజీలో చెప్పుకో. అవతల ఉన్నది మా అమ్మ. దమ్ముంటే పోయి ఆవిడకి చెప్పు."

దమ్ము నాకు లేదు. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపల అమ్మమ్మ చల్ల చిలుకుతూ, వచ్చావా, ఎండనపడి ఏమిటా తిరుగుళ్ళు, మజ్జిగ తాగు అంటే, తాగి వచ్చేశాను. ఆవిడతో పోట్లాడటం ఎలాగో నాకు తెలియదు. కోపం చూపించవలసిన మనిషే నాకు అన్నం పెట్టిన మనిషి కావడం ఎంత ఇరకాటమో, అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

మా అత్తయ్య దొడ్లో అప్పడాలు ఎండబెడుతూ మా గొడవంతా విన్నది. ఆవిడ తక్కువ మాట్లాడేది, ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడటానికి సందు కూడా లేదనుకోండి. నన్ను పక్కకి పిలిచి, "రెండ్రోజులు నోరు మూసుకుని ఉండు అబ్బాయ్" అంది. అంతే. ఆ రాత్రి ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో నాకు తెలియదు గానీ, అమ్మమ్మ చెవిన వేసింది మాత్రం అన్నం మాట కాదు, కాటా మాట. మంచి సీజనులో గుమాస్తాలంతా ఒక్కసారే ఇంటికొచ్చి తిని వెళ్ళేసరికి తూకాలు ఆగిపోతున్నాయి, రైతులు విసుక్కుని పక్క కొట్టుకి పోతున్నారు, క్యారేజీలు కొట్టుకే పంపిస్తే పోలేదా అని. వ్యాపారం దెబ్బతింటుందంటే అమ్మమ్మ ఒప్పుకోకుండా ఎలా ఉంటుంది? మూడో రోజునుంచీ అన్నం క్యారేజీల్లో గోడౌనుకి వచ్చేసింది. అక్కడ వసారా లేదు, వంటిల్లు లేదు, గడప లేదు. రకరకాల ఊళ్ళ రైతులు రాత్రిళ్ళు ఆ బస్తాల మీదే పడుకునేవారు. అక్కడ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న నియమం పెట్టిన పెద్దలెవరూ లేరు.

నా శిష్యుడు మిరపకొట్టులో చేరాడు. ఇక ఆ భోజనాల వైభోగం ఏం చెప్పను! ఒక పక్క తొడిమలు తీసే ఆడవాళ్ళు, ఒక పక్క బస్తాలు గుమ్మరించేవాళ్ళు, గాలి నిండా ఎర్రటి కోరు, ముక్కులు పగిలే మిరప దుమ్ము. నోరు తెరిస్తే దగ్గు, మూస్తే తుమ్ము. పెరుగన్నం కలుపుకునేలోపు అది గులాబీ రంగుకి తిరిగేది. ముక్కులు కారుతూ, కళ్ళు తుడుచుకుంటూ, వేడివేడి అన్నానికి అలవాటుపడ్డ ఆ గుమాస్తాలు అత్తయ్యని ఏమీ అనలేక నన్ను తిట్టుకునేవారు. మామయ్య దగ్గర జుట్టు నెరిసిన పెద్ద గుమాస్తా అయితే, కాలేజీ చదువు మా కొట్లోకొచ్చింది, మా నోటి దగ్గర కూడు పాడయింది అని నాకు వినబడేలాగే అన్నాడు. మొదటి రోజు వాళ్ళంతా ఒక పక్క, అతను ఒక పక్క, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టే ఖాళీ. నేను పోయి ఆ ఖాళీలో చతికిలబడ్డాను. కానీ దాన్ని చివరికి పూడ్చింది నేను కాదు, గాలి. ఆ గోడౌను మొత్తానికి కాస్త ఊపిరాడేది తలుపు దగ్గరే. నాలుగు రోజులయ్యేసరికి అందరూ ఆ తలుపు దగ్గరికే చేరి, మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా ఇరుక్కుని కూర్చున్నారు. ఊపిరాడకపోతే ఎడం పాటించడం ఎవరి తరం?

నాకు మాత్రం స్థిమితం లేదు. రోజూ ఆ వేళకి ఏదో వంకతో వెళ్ళి చూసేవాణ్ణి. అమ్మమ్మకి తెలిసిపోతే, క్యారేజీలు ఆగిపోతే, అతను సగంలో బయటికి వచ్చేస్తే? ఒకనాడు ఇంటికి వెళితే అమ్మమ్మే పిలిచింది. దొరికిపోయాననుకున్నాను. చేతిలో చిన్న గిన్నె, మూత కట్టి ఉంది.

"ఆ కొత్త పిల్లాడికి నోరు పూసిందటగా, పెద్ద గుమాస్తా చెప్పాడు. మీగడ పెరుగు. పులుసు ముట్టొద్దను. ఇది వాడి చేతికే ఇయ్యి, మామయ్యకిచ్చావంటే మింగేస్తాడు."

అంతే, ఇంకేమీ అడగలేదు. ఏ ఊరని గానీ, ఎవరబ్బాయని గానీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ ప్రశ్న అడగకుండా ఒకరికి అన్నం పంపడం నేను చూడలేదు. ఆ అడగకపోవడంతోనే నాకు అర్థమైంది, ఆవిడకి మొదటినుంచీ తెలుసని. ఆ ఇంట్లో ఆవిడకి తెలియకుండా ఏది జరిగింది గనక! ఆ తర్వాత రోజూ ఆ గిన్నె వచ్చింది.

శిక్షణ అయిపోయే రోజు వచ్చింది. కొట్టు వదిలి వెళ్ళేవాడికి బట్టలు పెట్టి, ఇంట్లో పప్పు, పరమాన్నంతో భోజనం పెట్టి పంపడం ఆ బజారులో ఆనవాయితీ. బట్టలు మామయ్య కొట్లోనే పెట్టాడు, సంతకమూ పెట్టాడు, ఇక భోజనం మాట ఎత్తకుండా అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు గోడౌను ముందు రిక్షా ఆగింది. గిన్నెల మధ్య ఇరుక్కుని అమ్మమ్మ. తాతయ్య పోయిన తర్వాత ఆవిడ ఆ కొట్టు మొహం చూడలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తుమ్ముకుంటూ, మామయ్యని తిట్టుకుంటూ దిగింది. విస్తళ్ళు తనే వేయించింది, అందరికీ తన చేత్తోనే వడ్డించింది. అతని దగ్గరికి వచ్చి, నెయ్యి ఒకటికి రెండుసార్లు వేసి, కడుపునిండా తిను నాయనా, మొహమాటపడకు అంది. అతను తల వంచుకుని తిన్నాడు. కళ్ళు అందరికీ కారుతూనే ఉన్నాయి, మిరపకొట్టు కదా.

నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. తిరుగు రిక్షాలో అమ్మమ్మ ఇరుక్కోకుండా ఖాళీ గిన్నెలు కొన్ని నేనూ అతనూ పట్టుకుని వెనకాల నడిచాం. ఇంటి ముందు అరుగు మీద గిన్నెలు పెట్టించి, అమ్మమ్మ లోపలికి వెళ్ళలేదు. పక్కసందులో నీళ్ళ గోలెం దగ్గరికి వెళ్ళి, కట్టుకున్న చీరెతోనే చెంబు తరువాత చెంబు నెత్తిమీద గుమ్మరించుకుంది. అత్తయ్య బయటికి వచ్చి గిన్నెల మీద నీళ్ళు చల్లి ఒక్కొక్కటే లోపలికి తీసుకుంది. ఇది నేను కొత్తగా చూస్తున్నది కాదు. మిరపకొట్టునుంచి వచ్చినవాళ్ళెవరూ ఒంటిమీద నీళ్ళు పోసుకోకుండా ఆ ఇంట్లోకి వెళ్ళరు, ఒళ్ళంతా మంట. మామయ్యా రోజూ అదే గోలెం దగ్గర నీళ్ళు పోసుకునేవాడు. అయినా ఆ రోజు, గేటు దగ్గర అతను నిలబడి చూస్తుండగా, నాకు ఎటు చూడాలో తోచలేదు. అతను చేతులు జోడించి వెళ్ళొస్తానండీ అన్నాడు. అమ్మమ్మ తడిచీరెతో, మొహం మీద నీళ్ళు తుడుచుకుంటూ, ఎంతో ఆపేక్షగా మళ్ళీ రా నాయనా అంది.

సందు మలుపు దాటాక అతను నెమ్మదిగా, తప్పు పట్టినట్టు కాకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"మాస్టారూ, మళ్ళీ అంటే కొట్టుకాండీ, ఇంటికాండీ?"

నేను అడుగు కాస్త వేగంగా వేశాను. తర్వాత అతనే ఆఖరి ఏడాది పుస్తకాల మాట ఎత్తాడు.

అతను చదువు పూర్తి చేశాడు, ఒంగోలు వైపు సహకార బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మామయ్య కొట్లో క్యారేజీల పద్ధతి చూసి మిగతా కొట్లవాళ్ళూ పెట్టారు, తూకాలు ఆగవని. మరుసటేడు నేను కుర్రాళ్ళని తీసుకెళితే ఎవరబ్బాయని అడిగినవాళ్ళు తగ్గారు. మా ప్రిన్సిపాల్ గారు వార్షికోత్సవంలో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. నేనూ కొన్నాళ్ళు కాలరెగరేశాను.

అమ్మమ్మ ఆ తర్వాత కొన్నేళ్ళకి పోయింది. కబురు తెలిసి అతను ఒంగోలునుంచి పెద్దకర్మకి వచ్చాడు. అందరూ వసారాలో విస్తళ్ళ ముందు కూర్చుంటుంటే, ఒకప్పుడు దొడ్లో విస్తరి వేయిస్తానన్న మామయ్యే, అతని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చి, నాకూ పెద్ద గుమాస్తాకీ మధ్య కూర్చోబెట్టాడు. అత్తయ్య వడ్డించింది. ఎవరూ తల తిప్పి చూడలేదు, ఎవరూ గొణగలేదు. రమ్మన్న మనిషి లేని రోజున అతను ఆ ఇంటికి వచ్చాడు.

ఇప్పుడు ఆ ఇల్లూ లేదు, ఆ కొట్టూ లేదు. మిరపకాయలు ఊరి బయట యార్డుకి వెళ్ళిపోయాయి. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఎవరబ్బాయివని అడిగేవాళ్ళు లేరని మా అమ్మాయి అంటుంది, నిజమే అయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అన్నం తిన్నావా అని అడిగేవాళ్ళూ లేరు, అదీ చూస్తూనే ఉన్నాను. రెండు ప్రశ్నలూ ఒకే నోట్లోంచి వచ్చిన కాలం మాది. ఆ రోజు అమ్మమ్మ నెత్తిమీద పోసుకున్న నీళ్ళు మిరపమంటకో, మరి దేనికో నాకు ఈనాటికీ తెలియదు. ఆవిడ ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది, నేను వెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని మజ్జిగ ఇచ్చింది, ఎన్నో కబుర్లు చెప్పుకున్నాం. అడిగితే చెప్పేదే. అబద్ధమాడే మనిషి కాదు. అందుకే అడగలేదు.